జ్యూరీ ముందు మిస్త్రీ

ప్రదర్శనకి వచ్చినవాళ్ళు వస్తువులు చూడరు. పక్కన అంటించిన కాగితం చదువుతారు. చదివి, తల పైకీ కిందికీ ఊపి, ఫోన్లో ఒక ఫోటో తీసుకుని, పక్క కాగితం దగ్గరికి వెళతారు. నాలుగేళ్ళపాటు వరసగా యూనివర్సిటీ పిల్లల ప్రదర్శనలకి వెళ్ళి నేను నేర్చుకున్నది ఇదే. మా అమ్మాయి అక్కడ డిజైన్ చదివింది. పెళ్ళయిన పదిహేనేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. ఏడాదికోసారి నెహ్రూ నగర్ దాటి ఆ యూనివర్సిటీ హాలుకి వెళ్ళడం మా ఇంటి ఆనవాయితీ అయిపోయింది.

నేను కాగితాలు చదవను. వస్తువు వెనక్కి వెళ్ళి చూస్తాను. అతుకు ఎక్కడ పడింది, మేకు ఎక్కడ దిగ్గొట్టారు, రంగు కింద ఏం దాచారు అనేది వెనకనుంచి చూస్తేనే తెలుస్తుంది. మొదటి ఏడు నేను ఒక గోడ వెనక్కి దూరి చూస్తుంటే కాపలా కుర్రాడు వచ్చి బయటికి రమ్మన్నాడు. మా అమ్మాయి ముఖం ఎర్రగా చేసుకుని, ఈయన మా నాన్న అని అతనికి చెప్పుకోవలసి వచ్చింది.

నేను ఈ హిందీవాళ్ళ ఊరి స్టీల్ ప్లాంటులో ప్యాటర్న్ షాపు మనిషిని. ఉద్యోగంలో చేరింది మొదలు రిటైరయ్యేదాకా అదొక్కటే పని. పోత పోయవలసిన ఏ భాగానికైనా ముందు చెక్కతో నమూనా చేయాలి. దాన్ని ఇసుకలో నొక్కి, అచ్చు పడ్డాక జాగ్రత్తగా పైకి తీసేస్తారు. ఆ ఖాళీలో కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు భాగానికి నంబరుంటుంది, రికార్డుంటుంది, దాని బరువెంతో రాసుకునేవాళ్ళు ముగ్గురుంటారు. చెక్క నమూనా మాత్రం స్టోరులో ఒక అరలోకి పోతుంది. కొన్నేళ్ళకి చెదపట్టిందని రాసి, బయటికి లాగి తగలబెడతారు. నేను చేసిన పని ఒక్కటీ ఇప్పుడు భూమ్మీద లేదు. నలుగురు ఆగి చూసిన పని అప్పుడూ లేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఇది నాకు బాధ అనిపించలేదు. ఈ ప్రదర్శనలకి వెళ్ళడం మొదలుపెట్టాకే లోపల కుళ్ళు మొదలైంది. ఇరవై ఏళ్ళ పిల్లలు అట్టముక్కలు వంకరగా అతికించి, పక్కన తమ పేరు అచ్చు వేయించుకుని, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంటే ఒళ్ళు మండేది. నా చేతి పని కూడా ఒక్కసారి అలా హాల్లో, లైటు కింద, పేరుతో నిలబడాలని కోరిక పుట్టింది. అరవై దాటినవాడికి రావలసిన కోరిక కాదు. అందుకే ఎవరితోనూ అనలేదు.

మొదటి ఏడు ప్రదర్శనలో నలభైమంది పిల్లలూ అదే కుండని బొగ్గుతో గీశారు. ఆ నలభై కుండల్లో మా పిల్ల కుండ ఏదో వెతుక్కోవడానికే మాకు పూట పట్టింది. రెండో ఏడు గుడ్డలు వేలాడదీశారు. మా ఆవిడ వాటిని చూసి, ఆరేసినవి ఇంకా తియ్యలేదేటి అని అడిగింది. అది విని నవ్వినవాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది, అయితే కాస్త ఆలస్యంగా నవ్వింది.

మూడో ఏడు జరిగినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది విషయం శ్రమ అట. ఒక కుర్రాడు ప్లాంటు గమ్ బూట్లు ఓ ఇరవై తెచ్చి తీగలకి కట్టి వేలాడదీశాడు. ఎక్కడినుంచో సైరన్ కూత వినిపిస్తోంది. కాగితాలు చదవని నాకు పక్కనున్న ఒకాయన చదివి వినిపించాడు, ఇది కార్మికుడి మౌనం అని. నేను అలాంటి బూట్లలో జీవితమంతా నిలబడ్డాను. మా షాపులో మౌనమన్నది నేనెరగను. టీ ఆలస్యమైందని అరుచుకునేవాళ్ళం, బోనస్ గురించి అరుచుకునేవాళ్ళం, రంపాల చప్పుడులో మాట వినపడక మామూలు మాట కూడా అరిచే చెప్పుకునేవాళ్ళం. ఆ కుర్రాణ్ణి పిలిచి, బాబూ నువ్వు ఎప్పుడైనా ప్లాంటు లోపలికి వెళ్ళావా అని అడిగాను. వెళ్ళలేదు, ఇది ప్రతీక అంకుల్ అన్నాడు. బూట్లన్నీ ఎడమకాలివే కట్టావు, అది కూడా ప్రతీకేనా అన్నాను. నా గొంతు పెద్దది. మాస్టార్లు అప్పటికే వెళ్ళిపోయారు గానీ, హాలంతా మా వైపు తిరిగింది. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. 

ఇంక నాలుగో ఏడు. ఆఖరు ప్రదర్శన. దాని మీదే డిగ్రీ. ఒక్కొక్కళ్ళూ ఒక వస్తువు తయారుచేసి హాల్లో పెట్టాలి, మాస్టార్లూ, బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షకులూ చూసి, అడిగి, గ్రేడు ఇస్తారు, దాన్నే జ్యూరీ అంటారు. వాళ్ళు కాదంటే ఇంకో ఏడాది కూర్చోవాలి. మా అమ్మాయి ఒక బెంచీ గీసింది. వాళ్ళమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో వారం రోజులు నేల మీద పడుకుంది, అప్పుడు వచ్చిన ఆలోచన. పగలు నలుగురు కూర్చోవాలి, రాత్రి ఒకళ్ళు పడుకోవాలి. ఇనుప ఫ్రేము, అందులో దిగే టేకు పలకలు. ఆలోచన మంచిది. నేను మెచ్చుకునే రకం కాదు గానీ ఆ గీతలు చూసి రెండు రోజులు దాని గురించే అనుకున్నాను.

ఫ్రేము ఇండస్ట్రియల్ ఏరియాలో చేయిస్తానంది. చెక్క పని కాలేజీ వర్క్‌షాపులో మెషీన్ మీద కోయిస్తానంది. అక్కడ నాకు మండింది. ఇంట్లో ప్యాటర్న్ మేకరు ఉండగా మెషీనేమిటి అన్నాను. మెషీన్ కోసిన చెక్క బిస్కెట్టులాగుంటుందన్నాను. అది వద్దంటూనే ఉంది, మాకు రూల్స్ ఉంటాయి నాన్నా అంది. నేను చెవిన వేసుకోలేదు. అన్నం దగ్గర అలిగాను, రెండు రోజులు మాట్లాడలేదు, టీవీ సౌండు పెంచి కూర్చున్నాను. ఆఖరికి మా ఆవిడే తెగేసి చెప్పింది.

“నాన్న అంత ఇదిగా చేస్తానంటంటే కాదంటావేటే? చెయ్యనీ.”

అది ఒప్పుకుంది. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పింది. కొలతలు డ్రాయింగులో ఉన్నట్టే ఉండాలి, ఒక్క మిల్లీమీటరు తేడా రాకూడదు. జ్యూరీ టైముకి నేను హాల్లో ఉండకూడదు, మధ్యాహ్నం అమ్మని తీసుకుని అందరి తల్లిదండ్రుల్లాగా రావాలి. మొదటి మాటకి నాకు నవ్వొచ్చింది. నాకే కొలతల గురించి చెబుతోందనుకున్నాను. రెండో మాట గుచ్చుకుంది. నిరుటి బూట్ల గొడవ మనసులో పెట్టుకుందనుకుని ఊరుకున్నాను. ఎందుకని అడిగి ఉంటే సరిపోయేది.

ఆరు వారాలు సెక్టర్ ఆరులో మా క్వార్టరు వెనక వరండాలో పని చేశాను. దుర్గ్ డిపోకి వెళ్ళి టేకు నేనే ఏరుకొచ్చాను. పాత పెట్టె తెరిచి ఉలులకి పదును పెట్టాను, చిత్రికలు సరిచేశాను. పలకల చివర్లలో మేకు గానీ జిగురు గానీ లేకుండా, చెక్క పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చునే అతుకులు చేశాను. ఒక్కో మూలకి రెండేసి రోజులు పట్టింది. అన్నీ కలిపి కూర్చినప్పుడు ఎక్కడా గోరు దూరే సందు లేదు. సాయంత్రాలు మా వీధి రిటైర్డు మనుషులు నడకకి బయల్దేరి మా వరండాలో ఆగేవాళ్ళు. అతుకు మీద వేలితో రాసి, ఏమీ అనకుండా నిలబడేవాళ్ళు. మా షాపువాళ్ళ మెప్పు అలాగే ఉంటుంది. మా ఆవిడైతే సెక్టరంతా చెప్పేసింది, యూనివర్సిటీలో మా ఆయన చేసిన బెంచీ పెడతన్నారని. అమ్మాయి బెంచీ అనాలమ్మా అని మా పిల్ల దిద్దింది. దిద్దినా అదే మాట.

ఫ్రేము రంగు వేసేచోట ఆలస్యమైంది. జ్యూరీ రోజు పొద్దున్నగానీ రాలేదు. దాన్ని టెంపోలో నేరుగా హాలుకి తెప్పించారు. నా చెక్క పని నేను ఆటోలో పట్టుకెళ్ళాను. తొమ్మిదిన్నర అయింది, జ్యూరీ పదకొండుకి. రెండూ కలిపి దించేసి వెళ్ళిపోతానన్నాను. పనిముట్ల పెట్టె అలవాటు కొద్దీ వెంట తెచ్చుకున్నాను.

దిగలేదు. ఒక పక్క కూర్చుంటే రెండో పక్క ఫ్రేము అంచు మీద ఎక్కి నిలబడింది. తిప్పి పెట్టినా అంతే. ఫ్రేము చేసినవాణ్ణి నానా మాటలూ తిట్టాను. ఇనుము కోయడం కూడా రానివాళ్ళకి పని ఇచ్చావన్నాను. అది టేపు తీసి ఫ్రేము కొలిచింది. పదిహేను వందల మిల్లీమీటర్లు, డ్రాయింగులో ఉన్నంతే. తర్వాత నా పలక కొలిచింది. మళ్ళీ కొలిచింది. ముప్పై మిల్లీమీటర్లు ఎక్కువ.

అసాధ్యమన్నాను. పెట్టెలోంచి నా స్టీలు స్కేలు తీసి నేను కొలిచాను. సరిగ్గా పదిహేను వందలు. చూడు, నీ టేపే తప్పు అన్నాను. అది నా స్కేలు అందుకుని నేల మీద టేపు పక్కన పెట్టింది. మొదట్లో రెండింటి గీతలూ కలిసే ఉన్నాయి. పోనుపోనూ ఎడమయ్యాయి. అప్పుడు నాకు అర్థమైంది. 

కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుకని ప్యాటర్న్ ఆ మేరకి పెద్దది చేయాలి. ప్రతిదానికీ లెక్క కట్టుకోకుండా మా షాపులో వేరే స్కేలు ఇస్తారు. దాని గీతలు మామూలు స్కేలు గీతలకంటే కాస్త ఎడంగా ఉంటాయి. దాని మీద మీటరు అంటే నిజంగా మీటరూ ఇరవై మిల్లీమీటర్లు. చూడటానికి తేడా తెలియదు. చివర చిన్న ముద్ర ఉంటుంది, నా స్కేలు మీద అది నా బొటనవేలి కింద పడి ఎప్పుడో అరిగిపోయింది. ఉద్యోగమంతా ఆ స్కేలుతోనే కొలిచిన చెయ్యి, వరండాలో కూడా దాన్నే అందుకుంది. అన్నీ ఒకే స్కేలుతో కొలిచాను కాబట్టి అన్నీ ఒకదానికొకటి చక్కగా అతికాయి. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పోత పోయని బెంచీకి పోతకి సరిపడా కొలత వేసిన మొనగాణ్ణి నేనే.

“ఇప్పుడేటి చెయ్యను నాన్నా?” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

కొయ్యడమే. ఇంకో దారి లేదు. ముప్పై మిల్లీమీటర్లూ చివరినుంచే తీయాలి. నా అతుకులన్నీ చివర్లలోనే ఉన్నాయి. వాటిని కోసేస్తే పలకలు విడిపోతాయి, మరలతో ఫ్రేముకి బిగించుకోవాలి. ఎవరో పక్క పిల్లవాడి దగ్గర నల్ల మరలు అడిగి తెచ్చింది. నేను తలకి తువ్వాలు చుట్టుకుని, నేల మీద మోకాళ్ళూని కోయడం మొదలుపెట్టాను. రెండేసి రోజులు పట్టిన మూల రెండు నిమిషాల్లో తెగి కింద పడింది. చేతులు తమ పని చేసుకుపోయాయి, వాటికేం తెలుసు. వెనక మా అమ్మాయి మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. నాన్నా తొందరగా, నువ్వు వెళ్ళిపోవాలి అంటోంది. నాకు కోపం వచ్చింది. ఈ స్థితిలో కూడా నన్ను చూసి సిగ్గుపడుతోంది అనుకున్నాను.

ఆఖరి మరలు బిగిస్తుండగా జ్యూరీ వచ్చేసింది. అరగంట ముందే. వాళ్ళ మాస్టార్లు ఇద్దరు, బయటినుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, నేత చీర కట్టుకుని ఉన్నారు. నా ఒంటినిండా రంపపు పొట్టు. లేచి నిలబడబోతే మోకాలు పట్టేసింది. ఒక మాస్టారు నన్ను చూసి, వీరెవరు అని హిందీలో అడిగారు.

అప్పుడే నా ముఖానికి ఎదురుగా, బెంచీ పక్క బోర్డుకి అంటించిన కాగితం కనిపించింది. పొద్దున్నించీ అక్కడే ఉంది. పై సగంలో మా పిల్ల పేరూ, మా ఇంటిపేరూ, బెంచీ గురించి నాలుగు మాటలూ. కింది సగంలో ఒక హామీ పత్రం. ఈ పనిలో మా కుటుంబసభ్యుల సహాయం తీసుకోలేదు, తీసుకున్నట్టు తేలితే నా ప్రాజెక్టు రద్దు చేయవచ్చు అని. బయటివాళ్ళ సహాయం అన్నచోట, మిస్త్రీ ఒకరు అని, అంటే కూలికి పిలిచిన పనివాడని రాసింది. కింద సంతకం. నిరుడు ఒక కుర్రాడు తన వస్తువు మొత్తం వాళ్ళ నాన్న వర్క్‌షాపులో చేయించుకొచ్చాడని గొడవైందట, అందుకని పెట్టిన నిబంధన. అది నాకు తర్వాత తెలిసింది. రూల్స్ ఉంటాయి అని అది చెప్పినప్పుడు నేను టీవీ సౌండు పెంచాను కదా.

“యే మిస్త్రీ హై సర్,” అంది మా అమ్మాయి.  తర్వాత నా వైపు తిరిగింది. “భయ్యా, హో గయా? ఆప్ బాహర్ బైఠియే.”

భయ్యా, అయిపోయిందా, మీరు బయట కూర్చోండి. ఆటోవాణ్ణి అన్నట్టు, కూరగాయలవాణ్ణి అన్నట్టు. పుట్టినప్పటినుంచి నన్ను నువ్వు అన్న పిల్ల మీరు అంది.  ఒక్క క్షణం ఎవరితో అంటోందో అని వెనక్కి చూశాను కూడా.

అయిపోయింది దీదీ, అన్నాను హిందీలోనే. ఏం చేయను. పనిముట్లు పెట్టెలో వేసుకోవడం మొదలుపెట్టాను. కోసి పడేసిన ముక్కలు కూడా ఏరుతున్నాను. ఆ పెద్దావిడ వంగి, ఒక ముక్క అందుకున్నారు. తెగిన మూల అది. అతుకు అలాగే ఉంది. కళ్ళజోడు పైకి నెట్టి, ముక్కని తిప్పి వెనకనుంచి చూశారు. నాలుగేళ్ళలో ఆ హాల్లో ఒక వస్తువుని వెనక్కి తిప్పి చూసిన మనిషి ఆవిడొక్కరే. వేలితో అతుకు మీద రాశారు.

ఇది ఎవరు చేశారని అడిగారు. ఆ మిస్త్రీయే అంది మా అమ్మాయి. ఎక్కడ నేర్చుకున్నారని నన్ను అడిగారు. ప్లాంటులో మేడమ్ అన్నాను. ఇలాంటి పని చూసి చాలా ఏళ్ళయిందన్నారు. దీన్ని ఎందుకు కోసేశారని అడిగారు. కొలత తప్పింది, తప్పు నాదే అన్నాను. ఆవిడ మాస్టార్ల వైపు తిరిగి కాస్త కటువుగానే మాట్లాడారు. మీ పిల్లలు గీసినవాళ్ళ పేరు ఇంత పెద్దది వేసుకుంటారు, చేసినవాళ్ళని మిస్త్రీ ఒకరు అని రాసి ఊరుకుంటారు, ఇదేం పద్ధతి అన్నారు. ఆయన పేరు కూడా ఈ కాగితం మీద ఉండాలి, ఇప్పుడే రాయండి అన్నారు. తన సంచీలోంచి పెన్ను తీశారు. ఎవరో రాస్తారని కూడా చూడలేదు. కాగితం దగ్గరికి వెళ్ళి, మా అమ్మాయి పేరు కింద పెన్ను ఆనించి నా వైపు చూశారు.

“ఆప్ కా నామ్ బతాయియే,” అన్నారు, మీ పేరు చెప్పండని.

హాలు, లైటు, పేరు. నాలుగేళ్ళుగా నేను లోపల దాచుకున్నదంతా ఆ పెన్ను మొన మీద ఉంది. నా పేరు చెప్పాలంటే ఇంటిపేరుతో చెప్పాలి, ఇక్కడ అందరం అలాగే చెబుతాం. చెబితే అదే ఇంటిపేరు రెండంగుళాల పైన అచ్చులో ఉంది. ఈ ఊళ్ళో మా ఇంటిపేరువాళ్ళు ఇంకొకళ్ళు లేరు, హిందీవాళ్ళకి నోరు కూడా తిరగదు. దొంగ పేరు ఒకటి చెప్పొచ్చు. ఆ పనికి నోరు రాలేదు. మా అమ్మాయి నా వైపు చూస్తోంది. చంటిపిల్లగా ఉన్నప్పుడు సూది వేయించడానికి తీసుకెళితే అలా చూసేది.

“హమారే కామ్ మే నామ్ నహీ లిఖతే, మేడమ్,” అన్నాను. మా పనిలో పేరు రాయరు అని. అబద్ధం కూడా కాదు.

ఆవిడ ఇంకోసారి అడిగారు. మర్యాదగా, అన్నగారి వయసువాణ్ణి అడిగినట్టు. నేను చేతులు జోడించాను. పాప గీసింది, నేను కోశాను, అంతే అన్నాను. ఆవిడ పెన్ను మూసేశారు. తెగిన ముక్కని నాకు తిరిగి ఇవ్వలేదు, చేతిలోనే ఉంచుకున్నారు. నేను పెట్టె ఎత్తుకుని బయటికి వచ్చేశాను. గేటు దగ్గర కాపలా ఆయన, పని అయిపోయిందా మిస్త్రీ అని పలకరించాడు. అయిపోయిందన్నాను.

ఇంటికి వెళ్ళిపోవలసింది. కానీ రెండు గంటలకి మా ఆవిడ వస్తుంది. ఆవిడకి ఫోన్ చేసి రావద్దంటే ఎందుకని అడుగుతుంది. సైకిలు స్టాండు పక్క సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. టెంపో డ్రైవర్లు ఇద్దరు, బోర్డులు మోసుకొచ్చిన కూలీలు నలుగురు అక్కడే కూర్చుని ఉన్నారు. జరిగి చోటిచ్చారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేక కూర్చున్నాను. అలిగి, మొండికేసి పని లాక్కున్నది నేను. తప్పుడు స్కేలు పట్టుకున్నది నేను. ఆ పిల్ల డిగ్రీని నా సరదా కోసం గండంలో పెట్టింది నేను. అది చేసింది ఒక్క మాట అనడమే. లెక్క అంతా నా మీదికే వస్తోంది. అయినా ఆ ఒక్క మాటా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మా ఆవిడ రెండు కాకముందే దిగింది. పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుంది. పిల్ల స్నేహితులకి పంచుతానని డబ్బానిండా జంతికలు తెచ్చింది. ఎండలో ఏటికి కూచున్నారు, లోపలికి పదండి అంది. జ్యూరీ ఇంకా అవలేదు, బయటివాళ్ళని రానివ్వరు అన్నాను. అంతలో ఒక కుటుంబం, తాతతో సహా, మా ముందునుంచే లోపలికి వెళ్ళింది. వాళ్ళనెలాగ పంపుతన్నారేటి అంది. వాళ్ళ పిల్లలది అయిపోయింది, మనదే అవలేదు అన్నాను. నమ్మింది. నేను చెప్పింది ఏదైనా నమ్ముతుంది. కొంగుతో ముఖం తుడుచుకుని నా పక్కన కూర్చుంది. నేను లోపలికి వెళితే ఆ మాస్టార్లు నన్ను చూస్తారు. చీర కట్టుకున్న నా భార్య పక్కన, తండ్రి వేషంలో. వెళ్ళలేను. తనొక్కత్తినీ పంపలేను, వెళ్ళిన వెంటనే అందరికీ మా ఆయన చేసారని చెబుతుంది. రెండు గంటలపాటు పట్టుకుని కూర్చోబెట్టాను. లోపల బెంచీ ఎలాగుంది, లైటు బాగా పడిందా, జనం ఏటంటన్నారు అని అడుగుతూనే ఉంది. బాగుందంటున్నారు అని చెబుతూనే ఉన్నాను.

నాలుగింటికి మా అమ్మాయి బయటికి వచ్చింది. మెడలో కార్డు ఊగుతోంది, ముఖం పాలిపోయి ఉంది. ‘ఎ’ గ్రేడు ఇచ్చారంది, అన్నిటికంటే పైది. వాళ్ళమ్మ గట్టిగా పట్టేసుకుంది. కూలీలు కూడా లేచి చూశారు. డబ్బా మూత తీసి వాళ్ళందరికీ తలా రెండు జంతికలు పెట్టింది. పెట్టి, చేతులు దులుపుకుని, నేను పొద్దున్నించీ భయపడుతున్న మాట అడిగింది.

“నాన్నే చేసేరని చెప్పేవా మరి?”

మా అమ్మాయి నోరు తెరిచింది.  నా వైపు చూడలేదు, డబ్బా వైపు చూస్తోంది.

“చెప్పింది,” అన్నాను నేను. “అందరి ముందూ చెప్పింది. కాగితం మీద పేరు కూడా రాసేరు.”

మా ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి. కూతురి బుగ్గ నిమిరింది. మా అమ్మాయి ఊపిరి వదిలింది. పొద్దున్నించీ బిగపట్టినదంతా ఒక్కసారిగా వదిలేసినట్టు, భుజాలు కిందికి దిగాయి. వెంటనే ఒక జంతిక తీసుకుని కొరికింది. పొద్దున్నించీ ఏమీ తిని ఉండదు, నాకు తెలుసు. భయ్యా అన్నది భయంలో అంది. దాన్ని ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతాను. ఆ జంతిక కొరకడం మాత్రం ఇప్పటికీ మరవలేకపోతున్నాను. ఇంత చిన్నదాన్ని పట్టుకుని కూర్చున్నందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది, అయినా మరవలేకపోతున్నాను.

ఆటో పిలిచాను. ఎక్కబోతూ మా ఆవిడ ఆగింది. ఇయ్యాళ ఎలాగూ చూడ్డం పడలేదు, రేపొచ్చి మీ పేరు రాసిన కాగితం ఫోటో తీసుకుందాం అంది. నేను డ్రైవరుతో బేరం మొదలుపెట్టాను.

“రేపుండదమ్మా,” అంది మా అమ్మాయి. “ఈ రోజే లాస్ట్. రాత్రికి అన్నీ తీసేస్తారు.”

అయ్యో అనుకుంటూ మా ఆవిడ ఎక్కి కూర్చుంది. ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుంది. ఆటో ఆగిన చోటే, గేటు మీద, తేదీలతో సహా మూరెడేసి అక్షరాల్లో రాసి ఉంది. రాసింది హిందీలో. ముప్పై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా మా ఆవిడకి హిందీ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మాయికీ తెలుసు.